అక్క లేని రోజు

టికెట్ నేను అడగలేదు. శుక్రవారం పొద్దు వాలకముందు చేవెళ్లలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్న. ఆ టైముకు ఆ బస్సులో ఎప్పుడూ ఆ కండక్టరే ఉంటడు. ముందు సీట్లలో ఆడవాళ్ళకు పైసలు లేని జీరో టికెట్లు కొట్టుకుంట వచ్చి, నా మొఖం దిక్కు చూడకుండనే మొయినాబాద్‌కు కొట్టి చేతిలో పెట్టిండు. నేను పోవాల్సింది మెహదీపట్నం. కళ్ళజోడుకు ఒక అద్దం వదులైంది, ఊడి పడకముందే బిగించుకోవాలె. "అన్నా, మొయినాబాద్ గాదు" అనే మాట నాలుక దాకా వచ్చి అక్కడనే కూర్చున్నది. మొయినాబాద్ రాంగనే తోసుకుంట దిగిన గూడ.

దిగినంక ఎటు పోవాలె? ఆ ఊరిలో నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే. పెద్ద రోడ్డు దాటి, ఫంక్షన్ హాలు గోడ పక్కనుంచి పోతే ఒక మేడ కింద చిన్న గది. ఆ హాలుకు లైట్లు కట్టేటోళ్ళు ఇప్పుడు అందులో కిరాయికి ఉంటున్నరు. గడప ముందు వాళ్ళ చెప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నయి. ఆమె ఉన్నప్పుడు అక్కడ ఒక్క జతే ఉండేది. ఎప్పుడు చూసినా వాటి మూతులు బయటి దిక్కే. లోపలికి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి నిలబడి మరీ చెప్పులు విడిచేది. "పోవాల్సి వస్తే తిప్పుకునే పని ఉండదు గద" అనేది.

ఆమె పోయి నెల దాటింది.

మేమందరం ఆమెను అక్క అనేటోళ్ళం. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు గూడ అక్క అనే పిలిచేటోళ్ళు. అసలు పేరు ఇక్కడ రాయను. బోర్డు మీద ఒకరి పేరు పడితే మిగిలినవాళ్ళు కిరాయిదారులైతరని ఆమె గట్టి నమ్మకం. చేవెళ్లలో మా సంస్థను పెట్టింది ఆమెనే. ఆ బోర్డు మీద ఈ రోజుకు గూడ ఆమె పేరు లేదు. నేను ఇప్పుడు రాస్తే పైనుంచి చెయ్యి చాపి కొట్టేస్తది.

నడక రాని పిల్లలకు, మెడ నిలవని పిల్లలకు కసరత్తు చేయించే సంస్థ మాది. చేవెళ్లలో ఒక సెంటరు ఉన్నది, ఊర్లు తిరిగే వ్యాను ఒకటి ఉన్నది. కొన్ని దినాలు వరసగా వ్యాను పోకపోతే, అంతదాకా సాగదీసిన కాళ్ళు మళ్ళీ ముడుసుకుంటయి. అందుకే మా దగ్గర 'ఆగుడు' అనేది చిన్న మాట గాదు.

ఆ సంస్థలో నా పని కథలు రాసుడు. నవ్వకండి. సాయం చేసేవాళ్ళకు మేం చేసిన పని తెలియాలె, దానికి ఒక కథ కావాలె. ఆ విషయంలో నాకు చిన్నప్పటి నుంచే పేరున్నది. మా బాపు ఎడ్లబండి మీద పట్నానికి టమాటలు తీసుకపోతుంటే, గండిపేట చెరువులో చేపలు ఒడ్డుకొచ్చి బండిని నెట్టినయని బడిలో చెప్పి, సారుతో గూడ కాసేపు నమ్మించినోణ్ణి. అక్క నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలువలేదు. గప్పాలు కొడతనని గప్పాల్ సాబ్ అనేది.

చేరిన కొత్తలో ఒక పిలగాని కథ రాసిన. వాడు గోడ పట్టుకొని నిలబడుడు నేర్చుకున్నడు. నేనేమో వాణ్ణి చేనుగట్ల మీద ఉరికిచ్చిన. ముందర సీతాకోకచిలుక, వెనక వాడు, ఆ వెనక వాళ్ళ కుక్క. అక్క చదివింది. నన్ను వ్యానులో ఎక్కించి ఆ ఇంటికి తీసుకుపోయి, వాళ్ళమ్మ ముందు కూర్చోబెట్టి గట్టిగా చదువుమన్నది. ఉరికిన కాడికి రాంగనే ఆ తల్లి నవ్వింది. "మా పిలగాడా సారూ? యాడ ఉరికిండు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మరీ నవ్వింది. కొంగు తీసేసరికి ఆ మొఖంలో నవ్వు లేదు.

వచ్చేటప్పుడు అక్క చెప్పింది: ఎవరి కథ రాస్తే వాళ్ళకు చదివి వినిపించాలె, వాళ్ళు తల ఊపితేనే ఆ కథ గడప దాటాలె. ఆ దినం నుంచి అది మా ఆఫీసు కట్టుబాటు. సీతాకోకచిలుకలు పోయినయి, కుక్క గూడ పోయింది. ఈ ముక్కను మాత్రం నేను ఎవరికీ వినిపించకుండనే రాస్తున్న. తల ఊపాల్సిన మనిషి లేదు.

తాళంచెవులంటే ఆమెకు పగ. బీరువా తాళంచెవి ఎవరి నడుముకన్నా వేలాడితే, పామును చూసినట్టు చూసేది. తాళంచెవి ఒక్కరి దగ్గరనే ఉంటే దాన్ని పెత్తనం అంటరు అనేది. బిస్కెట్ ఎప్పుడూ విరిచే తినేది, పెద్ద ముక్క పక్కవాళ్ళకిచ్చేది. మీటింగులో కుర్చీలు గుండ్రంగా వేయించి, తలుపుకు దగ్గరగా ఉన్నదాంట్లో కూర్చునేది, పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన మనిషి లెక్క. పొయ్యీ లేదు, పాలూ లేవు. ఆమె ఒంటరి మనిషి. చేవెళ్ల అవతలి పల్లెలో, తాతల నాటి నుంచి చర్చికి పోయే ఇంట్లో పుట్టింది. పెండ్లి ఎందుకు చేసుకోలేదని నేను అడగలేదు. అడిగితే నన్నే ఒక కథ చెప్పుమంటదని భయం.

మా కమిటీలో ఒక పెద్దమనిషి ఉండేటోడు. మా సెంటరు ఉన్న జాగ ఆయనదే, ఉచితంగా ఇచ్చిండు. అందరం పటేల్ అనేటోళ్ళం. మంచోడే. కాకపోతే మంచితనానికి గూడ ఫ్లెక్సీ కట్టుకునే రకం. ఒక మీటింగులో అక్కను మెచ్చుకుంట, "మీరున్నన్ని దినాలు మాకేం ఫికర్ లేదక్కా" అన్నడు. మేమందరం తలలు ఊపినం. అక్క బిస్కెట్ విరవబోయేది ఆగింది.

"గదే నా ఫికర్ పటేలా."

ఆ వారంలోనే 'లేని రోజు' పుట్టింది.

లేని రోజంటే సెలవు గాదు. నెలకొక దినం మాలో ఒకరు లేనట్టే లెక్క. చచ్చిపోయినట్టనుకోండి అన్నది అక్క. మెత్తగా చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఎవరి వంతో చీటీ తీసేటోళ్ళం. ఆ మనిషి ఆఫీసుకు రావద్దు, ఫోను బంద్ పెట్టాలె, ఎవరూ ఇంటికి పోయి అడగొద్దు. తెల్లారి పని మొదలుకాకముందు అందరం చాయ్ గ్లాసులు పట్టుకొని వరండాలో నిలబడాలె. నిన్న లేని మనిషి అడగాలె: నేను లేకుంటే ఏం ఆగింది? ఆగిందేదో దాచకుండ చెప్పాలె. దానికి తిట్లు లేవు, నామోషీ లేదు. ఆగిన పనిని ఇంకొకరికి నేర్పాలె, ఎవరికో అక్కడనే తేల్చాలె. ఏమీ ఆగకపోతే అందరం చప్పట్లు కొట్టాలె.

మొదటి చీటీ మా డ్రైవర్ యాదయ్యకు వచ్చింది. ఆ దినం వ్యాను వెనక తలుపు తెరుచుకోలేదు. దాన్ని ఎడమ మోకాలితో ఎక్కడ పొడవాల్నో యాదయ్య ఒక్కనికే తెలుసు. తెల్లారి ఆ సంగతి వినంగనే యాదయ్య ఛాతీ ఇంత వెడల్పు అయింది. పొద్దుమూకేసరికి ఆఫీసులో అందరం, అక్కతో సహా, ఆ తలుపును పొడుచుడు నేర్చుకున్నం. అప్పుడు యాదయ్య మొఖం చూడాల్సింది, ఉన్న చెలక భూమి పోయినోని లెక్క.

"గింతేనా అక్కా ఇగ నేను?" అన్నడు.

"నీకు జ్వరమొస్తే పిలగాండ్ల కాళ్ళు ముడుసుకోవద్దు యాదయ్యా. గంతే" అని బిస్కెట్‌లో పెద్ద ముక్క ఆయనకిచ్చింది.

నా వంతు వచ్చినప్పుడు, ఏం ఆగిందని నేనే అడిగిన. అకౌంట్లు చూసే మౌనిక, అప్పుడు కొత్తగా చేరిన పిల్ల, "అన్నా, నిన్న పని జల్దీ అయిపోయింది" అన్నది. చప్పట్లు జర ఎక్కువనే పడ్డయి.

తర్వాత అక్క వంతు. ఆ దినం నేను చాయ్ తాగుదామని ఎదురుగ్గా ఉన్న హోటల్‌కు పోయిన. లోపల మూలకు, రోడ్డుకు వీపు పెట్టి అక్క కూర్చొని ఉన్నది. ఎదురుగ్గా చేతులు కడుక్కునే కాడ అద్దం. ఆ అద్దంలో మా గేటు నిలువునా కనపడుతున్నది. పొద్దున్నుంచి అక్కడనే ఉన్నదని హోటలాయన కళ్ళతోనే చెప్పిండు.

"గప్పాల్ సాబ్, నేనిక్కడ లేను" అన్నది అద్దంలో నన్ను చూసుకుంట.

"లేరక్కా. నేను అద్దంతో మాట్లాడుతున్న" అని పక్క బల్ల మీద కూర్చున్న.

ఆ దినం నిజంగనే ఒకటి ఆగింది. ఒక పాప, కాళ్ళకు కట్టే పట్టీల బూట్లు అక్క చేతులతో తప్ప తొడిగించుకోదు. ఏడ్చి ఏడ్చి కసరత్తు లేకుండనే ఇంటికి పోయింది. తెల్లారి చాయ్ కాడ సునీత ఆ మాట చెప్పింది. సునీత అంటే మా ఫిజియోథెరపిస్టు, షాబాద్ దిక్కు పిల్ల. నేను అక్క మొఖమే చూస్తున్న. ఒక్క క్షణం, కరెంటు వచ్చి పోయినట్టు, ఆ మొఖం వెలిగింది. వెంటనే సునీతను పక్కకు పిలిచి చూపించింది. బూటును ముందు తన చెంపకు ఆనించుకోవాలె, చల్లగా లేదు చూడు అని పాపకు చెప్పాలె, తర్వాత పాప చెంపకు ఆనించాలె, ఆ తర్వాతే కాలికి. సునీతకు ఒక్కసారికే వచ్చేసింది. ఆ పాప మళ్ళీ అక్క కోసం ఏడవలేదు.

పిల్లలను నిలబెట్టేటప్పుడు అక్క చేతులు చూడాలె. ముందు నడుము పట్టుకునేది. కొన్నాళ్ళకు వేళ్ళతో, ఆ తర్వాత ఒక్క వేలితో. చివరికి ఆ వేలు గూడ తీసేది. తీసినట్టు పిల్లలకు తెలిసేది గాదు. సంస్థ నడుముకు పట్టిన చేతిని గూడ ఆమె అట్లనే తీసింది. లేని రోజు అక్కకు లేని వారమైంది, వారం పోయి నెల అయింది. ఒక సంవత్సరం పెద్ద మీటింగులో లేచి, ఇగ తాను ఉండనని, సునీత చూసుకుంటదని చెప్పింది. పటేల్ గాబరాపడ్డడు. సలహాదారుగానైనా ఉండమన్నడు. పెట్టినోళ్ళు పక్కనే కూర్చుంటే కొత్తోళ్ళ మెడ నిలవదు పటేలా అన్నది. సంస్థ నుంచి తప్పుకున్నవాళ్ళకు పని మీద ఎవరూ ఫోన్ చేయొద్దని కమిటీతో కట్టుబాటు చేయించింది. చేతులెత్తి ఒప్పుకున్నం. ఆ చెయ్యి ఎత్తినప్పుడు అది మంచి కట్టుబాటే అనిపించింది. ఇప్పటికీ మంచిదే.

అక్క వరండా దిగింది. చెప్పుల మూతులు బయటికే ఉండె. వేసుకొని నడిచి పోయింది.

చేవెళ్లలో ఉంటే కాళ్ళు అటే గుంజుతయని మొయినాబాద్‌లో గది తీసుకున్నది. అక్కడ అందరూ ఎటో పోయేటోళ్ళే. పట్నానికి పోయేటోళ్ళు, జన్వాడ ఫామ్‌హౌసులకు పోయేటోళ్ళు, పెండ్లికి వచ్చి పోయేటోళ్ళు. ఫంక్షన్ హాలు డీజే మోగితే ఆమె స్టీలు గ్లాసులు షెల్ఫులో కదిలేవి. ఎవరి పెండ్లో తెలియకుండనే ప్రతి పెండ్లికి తన గ్లాసులు డాన్సు చేస్తయి అనేది.

ఫోన్ చేయొద్దన్నరు గని బస్సెక్కొద్దని కమిటీ అనలేదు. శుక్రవారం మధ్యాహ్నంతో నా పని అయిపోతది. మొదటి శుక్రవారం పోయిన. నీళ్ళిచ్చింది, చాయ్ పెట్టింది, బిస్కెట్ విరిచి పెద్ద ముక్క నాకిచ్చింది. కొంచెంసేపు హాలు గోడ దిక్కు చూసి, చాలా మామూలుగా అడిగింది.

"ఏం ఆగింది?"

"ఏం ఆగలేదక్కా."

అది నిజం. వ్యాను పోయింది, పిల్లలు నిలబడ్డరు, జీతాలు పడ్డయి. అక్క "మంచిది" అన్నది. లేచి పోయి, కడిగి బోర్లించిన గ్లాసును మళ్ళీ కడిగింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వచ్చింది. ఆమె కట్టిన ఇల్లు వానకు కారలేదు, గాలికి ఊగలేదు. ఆ మాట చెప్పనీకె వచ్చిన నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

రెండో శుక్రవారం అడిగినప్పుడు, "ఏం చెప్పాలె అక్కా, వ్యాను ఆగింది" అన్న. యాదయ్య ఎంత తిప్పినా ఇంజను అందుకుంటలేదని, ఆఖరికి ఎవరో అక్క దగ్గినట్టు దగ్గితే ఉలిక్కిపడి స్టార్టయిందని చెప్పిన. ఆమె నా మొఖం దిక్కు చూసింది.

"యాదయ్యకు చదివి వినిపించినవా?"

"ఇది దాతలకు పంపేది గాదక్కా."

నవ్వింది. ఆ దినం గ్లాసు ఒక్కసారే కడిగింది.

అట్ల మొదలైంది. ఒక శుక్రవారం మేకల మంద వరండా ఎక్కి, అక్క వచ్చేదాకా దిగేది లేదని కూర్చున్నది. ఇంకో శుక్రవారం చందనవెల్లిలో డేటా సెంటరు కంప్యూటర్లన్నీ ఒక్కసారే పడుకున్నయి. వాటికి లేని రోజు పెట్టక పాడైనయని తేలి, పెద్ద సార్లు కార్లేసుకొని అక్క అడ్రసు అడుక్కుంట చేవెళ్లకు వచ్చిర్రు. కట్టుబాటు ప్రకారం మేం చెప్పలేదు. "మంచిపని చేసిర్రు" అన్నది అక్క గంభీరంగా. "వాళ్ళ తాళంచెవులు ఎవరి దగ్గరున్నయో ముందు అడగాల్సింది." వారమంతా నేను అబద్ధాలు వెతుక్కునేటోణ్ణి. ఇంతకుముందు పైసా ఖర్చు లేకుండ పుట్టేవి. ఆమె కోసం మాత్రం కష్టపడి చేసేటోణ్ణి, కొలతలు తీసి బట్టలు కుట్టినట్టు.

ఒకసారి నేను శుక్రవారం గాని దినం పోయిన.

"అక్కా, సెంటరు ఆగింది" అన్న గడపలోనే.

"ఇయ్యాల శుక్రవారం గాదు గద గప్పాల్ సాబ్" అని నవ్వింది. "మళ్ళ మేకలేనా?"

నేను కూర్చోలేదు. అది చూసి నవ్వు ఆపింది. అప్పుడు చెప్పిన. ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి. పటేల్ మా వ్యాను మీద తన ఫొటో పెట్టమన్నడు. పిల్లల వ్యాను మీద ఎవరి ఫొటో గూడ పెట్టేది లేదని సునీత అన్నది. పొద్దున పోయి చూస్తే గేటుకు పటేల్ తాళం. పిల్లలను ఎత్తుకొని తల్లులు రోడ్డు మీద నిలబడ్డరు. అక్క ఒక్కమాట అంటే పటేల్ తీస్తడు. అది అందరికీ తెలుసు, ఎవరూ అంటలేరు.

ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. గదికి తాళం గూడ వేయకుండ నాతో బస్టాపుకు నడిచింది. నా కంటే ముందు నడిచింది. చేవెళ్ల బస్సు వచ్చి ఆగింది. నేనెక్కి వెనక్కి తిరిగి చెయ్యి ఇచ్చిన. ఆమె చెయ్యి తలుపు కమ్మీ దాకా వచ్చి ఆగింది.

"నేను పోతే తీస్తడు" అన్నది. "నాకు తీస్తడు. సునీతకు గాదు."

"పిల్లలు రోడ్డు మీద ఉన్నరక్కా. సునీత ఒక్కతే ఉన్నది."

"ఒక్కతే ఎందుకైతది? నువ్వు మరి ఈడికెందుకొచ్చినవ్?"

కండక్టర్ ఎక్కుతరా లేదా అని గదమాయించిండు. అక్క చెయ్యి తీసేసింది. "పో. అందర్ని నిలబెట్టి చాయ్ పోసి, ఏం ఆగిందో అడగమను" అన్నది. బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే, ఎక్కాల్సిన బస్సు పోయిన మనిషి లెక్క, మలుపు తిరిగేదాకా ఆమె అక్కడనే ఉన్నది.

నేను చేవెళ్లకు పోయేసరికి గేటుకు తాళం ఉన్నది, ముందు మనుషులు లేరు. హోటలాయన నవ్వుకుంట చెప్పిండు. సునీత పొద్దున్నే తల్లులందరికి అక్కడనే చాయ్ పోయించిందట, ఏం ఆగిందని అడిగిందట. జాగ ఆగింది గని పని ఆగలేదని ఎవరో తల్లి అన్నదట. అంతే, యాదయ్య వ్యాను తీసిండు, అందరూ పటేల్ ఇంటికి పోయిర్రు. నేను పోయి చూస్తే ఆయన వాకిట్లో చాపలు పరిచి ఉన్నయి, పిల్లలకు కసరత్తు జరుగుతున్నది. సునీత చెంపకు బూటు ఆనించుకొని ఉన్నది. "అది గూడ మీ జాగే, ఇది గూడ మీ జాగే గద పటేలా" అని ముందే చెప్పిందట. పటేల్ తల్లి, పండు ముసలవ్వ, ఒక పిలగాని కాలు ఒడిలో పెట్టుకొని ఒత్తుకుంట, కొడుకు దిక్కు చూసి, తాళం యాడ పెట్టినవురా అని అడుగుతున్నది. పొద్దుమూకకముందే గేటు తెరుచుకున్నది.

అంటే అక్క పంపిన మాట నేను చేర్చకముందే అయిపోయింది. ఆమె చెప్పాల్సిన పని గూడ ఆమె లేకుండనే జరిగింది.

ఆ శుక్రవారం మొయినాబాద్ పోయి చెప్పిన. గేటు తెరుచుకున్నదని, చాపల సంగతి, ముసలవ్వ సంగతి అన్నీ ఉన్నదున్నట్టు చెప్పి, చివరికి, "మీ మాట చెప్పినంకనే అక్కా, సునీతకు ఆలోచన వచ్చింది" అన్న.

పక్క హాల్లో డీజే మొదలైంది. షెల్ఫులో గ్లాసులు కదిలినయి.

"సునీతకు చదివి వినిపిద్దామా?" అన్నది.

నేను నేల చూపులు చూసిన. ఆమె బిస్కెట్ విరిచింది. ఆ దినం మాత్రం పెద్ద ముక్క తన దగ్గరనే ఉంచుకున్నది.

"బాగున్నది. ఉండనియ్యి" అన్నది.

ఆమె నిద్రలోనే పోయింది. ఇంటి ఓనర్ నా నంబరుకు ఫోన్ చేసిండు. ప్రతి శుక్రవారం వచ్చే మనిషిని నేనొక్కణ్ణే ఆయనకు తెలుసు. సంస్థకు నేను చెప్పిన. సునీత కుర్చీలో కూర్చొని, మళ్ళీ లేచి, ముందు వ్యాను పోయి రావాలె అన్నది. అక్క ఉంటే అదే అనేది. వ్యాను పోయింది. పిల్లల పని అయినంక అదే వ్యానులో అందరం ఆమె ఊరికి పోయి, చర్చి వెనక ఆమెను మట్టిలో పెట్టి వచ్చినం. వెనక తలుపును ఎవరు మోకాలితో పొడిచిర్రో గూడ గుర్తు లేదు, అందరికీ వచ్చు గద.

తెల్లారి చాయ్ కాడ అడగాల్సిన మనిషి లేదు. సునీతనే అడిగింది. "అక్క లేకుంటే ఏం ఆగింది?" ఒక్కొక్కరు ఏం ఆగలేదన్నరు. యాదయ్య తల అడ్డంగా ఊపిండు. నేను గూడ ఏం ఆగలేదన్న. చప్పట్లు కొట్టాలె. కొట్టినం. అంత మెల్లగా చప్పట్లు కొట్టుడు నేను ఎక్కడా వినలేదు.

అది నెల కింది మాట. మొన్న శుక్రవారం కండక్టర్ కొట్టిన టికెట్‌తో దిగి, ఆ గడప ముందు పరాయి చెప్పులను చూసుకుంట నిలబడ్డ. లోపలినుంచి ఎవరో, "కౌన్ హోనా సాబ్?" అని అడిగిర్రు. ఎవరు కావాలె అంటే ఏం చెప్పాలె? లైట్ల కిరాయి కనుక్కుందామని వచ్చిన అన్న. ఏం ఫంక్షనని అడిగిర్రు. ఆ ఒక్క ప్రశ్నకు ఇంతకుముందైతే నా దగ్గర మూడు పెండ్లిళ్ళు, ఒక గృహప్రవేశం పుట్టేవి. ఏమీ పుట్టలేదు. వెనక్కి వచ్చి చేవెళ్ల బస్సెక్కిన. కళ్ళజోడు అద్దం ఇంకా వదులుగనే ఉన్నది.

శనివారం ఒకరి లేని రోజు గడిచింది గనుక సోమవారం పొద్దున అందరం వరండాలో చాయ్ గ్లాసులతో నిలబడ్డం. లేని వంతు యాదయ్యది. ఏం ఆగింది అని అడిగిండు. ఏం ఆగలేదు, చప్పట్లు పడ్డయి, యాదయ్య వ్యాను తీయనీకె పోయిండు. గ్లాసులు కింద పెట్టబోతుంటే నేను అన్న:

"అక్క లేకుంటే ఒకటి ఆగింది. ఆ దినం చాయ్ కాడ చెప్పలేదు."

అందరూ నా దిక్కు తిరిగిర్రు. ఇగ గప్పాలు మొదలైతయని మౌనిక ముందే నవ్వుమొఖం పెట్టింది.

"శుక్రవారం మొయినాబాద్ పోవుడు ఆగింది" అన్న.

నవ్వు ఎవరి మొఖం మీదిది అక్కడనే ఉండిపోయింది. నేను ప్రతి శుక్రవారం ఎటు పోతనో వాళ్ళెవరికీ తెలియదు. ఫోన్ చేయొద్దని చేతులెత్తినోళ్ళే అందరు. బస్సెక్కొచ్చని వాళ్ళకు తట్టలేదు, కట్టుబాటు అంత గట్టిగా నిలబెట్టుకున్నరు. సునీత గ్లాసు దిక్కే చూస్తున్నది. ఆమె నాయకురాలు. ఆగిందేదో తేలినంక అడగాల్సింది ఒకటి ఉంటది, అక్క నేర్పిందే. అదే అడిగింది.

"దాన్ని ఎవరికి నేర్పాలె?"

మౌనిక చెయ్యి ఎత్తింది. వెక్కిరింపు ఏమీ లేదు ఆ పిల్ల మొఖంలో, మంచి పిల్ల.

"శుక్రవారం నేను ఖాళీనే అన్నా" అన్నది. "యాడికి పోవాలె?"

నేను నోరు తెరిచిన. గేటు కాడ యాదయ్య హారన్ కొట్టిండు. వ్యాను టైము అయింది. అందరూ గ్లాసులు పెట్టేసి కదిలిర్రు.